గల్లాపెట్టె ముందు మన పిల్లలు

(డిగ్రీ విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రులు, సంఘం కార్యకర్తలు కలిసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కరపత్రంలో 'ఆటల ద్వారా వ్యాపార నిర్ణయాలు నేర్పడం' అని చూసి కొందరు పెద్దలు నవ్వుకున్నారని మా చెవిన పడింది. భూమి గురించి మాట్లాడాలి, కూలి రేట్ల గురించి మాట్లాడాలి, ఈ పంతుళ్ళు ఆటలంటారేమిటి అని. వాళ్ళు నవ్వటంలో తప్పేమీ లేదు. ఈ రోజు మేం మాట్లాడబోయేది భూమి గురించే, కూలి గురించే, అప్పు గురించే. కాకపోతే ఆట దగ్గర మొదలుపెడతాం.

షావుకారు గారి కొట్టు తలుచుకోండి. పదేళ్ళ కొడుకు బడి నుంచి రాగానే గల్లాపెట్టె పక్కన కూర్చుంటాడు. పొట్లాలు కడతాడు. నాన్న ఎవరికి అరువిస్తున్నాడో, ఎవరికి లేదంటున్నాడో చూస్తుంటాడు. సంక్రాంతికి బెల్లం ఎంత దింపాలి, వేసవిలో చింతపండు కొని పెట్టుకోవాలా వద్దా, ఇవన్నీ అన్నం తింటూ వింటాడు. ఒకసారి సరుకు ఎక్కువ తెప్పించి పుచ్చిపోతే నాన్న నాలుగు తిట్లు తిడతాడు. అంతే, ఆ నష్టం వాడిని రోడ్డున పడెయ్యదు. వాడు బి.కాం. లో చేరేనాటికి కొన్ని వందల నిర్ణయాలు కళ్ళారా చూసి ఉంటాడు. కాలేజీలో వాడు నేర్చుకునేది వాటికి ఇంగ్లీషు పేర్లు మాత్రమే.

మన పిల్లలు కూడా ఆ కొట్టుకు వెళ్ళారు. గల్లాపెట్టెను అవతలి పక్క నుంచి చూశారు. అరువు పుస్తకంలో నాన్న పేరు కింద పెరిగే అంకెలు చూశారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద బి.కాం., బి.బి.ఏ., ఎం.బి.ఏ. దాకా వచ్చారు, సంతోషం. కానీ ఒక్క రూపాయి సరుకు కొని, అమ్మి, పోగొట్టుకుని, మళ్ళీ నిలబడే అవకాశం వాళ్ళకి ఎక్కడ దొరికింది? మన ఇళ్ళల్లో నష్టం అంటే మేక అమ్ముకోవటం, చెల్లెలి చదువు ఆగిపోవటం. అందుకని మా వాదన ఇది: ఇంట్లో కొట్టు లేని పిల్లలకి కాలేజీలోనే ఒక కొట్టు కావాలి. నష్టం కాగితం మీద వచ్చి, బుద్ధి మాత్రం బుర్రలో ఉండిపోయే కొట్టు. దాన్నే సిమ్యులేషన్ గేమ్ అంటున్నారు. మనం అనుకరణ ఆట అనుకుందాం.

ఇది కొత్తదేమీ కాదు. సైన్యాధికారులు పటం మీద యుద్ధం ఆడి నేర్చుకునే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. దాన్ని చూసి అమెరికన్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు 1957లో కంపెనీల పెద్దల కోసం ఒక ఆట తయారు చేశారు. జట్టుకో కంపెనీ. ధర ఎంత, ఉత్పత్తి ఎంత, ప్రచారానికి ఎంత అని ప్రతి జట్టూ కాగితం మీద రాసిస్తే కంప్యూటర్ లెక్క కట్టి లాభనష్టాలు చెప్పేది. అక్కణ్ణుంచి కాలేజీలకు పాకింది. ఇవాళ పెద్ద బిజినెస్ స్కూళ్ళలో కంప్యూటర్ మీద ఆడిస్తున్నారు, తలకింత అని ఫీజు కట్టించుకుని మరీ. మన పిల్లలు చదివే కాలేజీల్లో చాలావాటిలో ఆ ఊసే లేదు. పుస్తకంలో నిర్వచనం బట్టీ పట్టించి పరీక్ష రాయిస్తారు.

ఆట అనగానే మన ఇళ్ళల్లో గుర్తొచ్చేది వైకుంఠపాళి. అందులో నిర్ణయం ఏముంది చెప్పండి? పందెం పడితే నిచ్చెన ఎక్కావు, లేకపోతే పాము నోట్లో పడ్డావు. పడినవాడిది పాపం, ఎక్కినవాడిది పుణ్యం. కర్మ సిద్ధాంతాన్ని పసిపిల్లల చేత గవ్వలేసి ఆడించే విద్య అది. దానికంటే పశువుల కాపర్లు బండ మీద గీసుకుని ఆడే పులిజూదం నయం. మూడు పులులు, పదిహేను మేకలు. బలం సమానం కాదని ముందే తెలుసు, మేకలు ఎక్కడ కూర్చుంటే పులి కదల్లేదో ఆలోచించాలి.

కాలేజీల్లో ఎక్కువగా ఆడించే ఒక ఆట గురించి వివరంగా చెబుతాం. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. 1960ల తొలినాళ్ళలో అమెరికాలోని ఎం.ఐ.టి. వాళ్ళు కట్టిన ఆట. దాని పేరు బీరు ఆట. మేం బీరు తీసేసి సబ్బుల పెట్టెలు పెట్టాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా ఉద్యమంలో మన అక్కలు ఎట్లా నిలబడ్డారో తెలిసిందే. వాళ్ళ పిల్లల చేత బీరు ఆర్డర్లు రాయించామంటే చీపురు తిరగేస్తారు.

ఒక వరసలో నలుగురు కూర్చుంటారు. మొదటివాడు ఊళ్ళో కొట్టువాడు, రెండోవాడు హోల్‌సేలు వ్యాపారి, మూడోవాడు డిస్ట్రిబ్యూటరు, నాలుగోవాడు ఫ్యాక్టరీ. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. చీటీ మీద ఎన్ని పెట్టెలు కావాలో రాసి పక్కవాడికి ఇవ్వటమే. చీటీ వెళ్ళటానికి కొన్ని వారాలు, సరుకు రావటానికి కొన్ని వారాలు. ప్రతివాడి దగ్గరా మొదట 12 పెట్టెలుంటాయి. మిగిలిపోయిన ప్రతి పెట్టెకూ వారానికి అర్ధరూపాయి ఖర్చు. అడిగినా ఇవ్వలేకపోయిన పెట్టెకు రూపాయి. జనం వారానికి 4 పెట్టెలు కొంటుంటారు. అయిదో వారంలో 8 అడుగుతారు. ఆ సంగతి కొట్టువాడికి మాత్రమే తెలుస్తుంది.

ఇక చూడండి తమాషా. కొట్టువాడు భయపడి 12 రాస్తాడు. సరుకు రాదు. మళ్ళీ వారం 16 రాస్తాడు. హోల్‌సేలు వాడు అది చూసి 20 రాస్తాడు. ఫ్యాక్టరీ దాకా వెళ్ళేసరికి 40 అవుతుంది. కొన్ని వారాలకు ఆ సరుకంతా ఒక్కసారి వచ్చి పడుతుంది. అప్పుడు అందరూ చీటీ మీద సున్నా రాస్తారు. గోడౌన్లు నిండిపోతాయి, ఫ్యాక్టరీ మూతపడుతుంది. చివర్లో 'జనం ఎట్లా కొన్నారో ఊహించి గీయండి' అంటే అందరూ ఎగుడుదిగుడు గీతలే గీస్తారు. కానీ జనం చేసిందేమీ లేదు. ఒక్కసారి 4 నుంచి 8కి వెళ్ళారు, తర్వాత చివరిదాకా 8 దగ్గరే ఉన్నారు. గందరగోళమంతా మధ్యలో వాళ్ళదే. జాన్ స్టెర్మన్ అనే ఎం.ఐ.టి. ప్రొఫెసరు ఈ ఆటలు గమనించి 1989లో ఒక వ్యాసం రాశాడు. జట్ల సగటు ఖర్చు, తెలివిగా ఆడితే అయ్యే ఖర్చుకు దాదాపు పది రెట్లు ఉందని తేల్చాడు. ఆడినవాళ్ళలో పెద్ద చదువుల విద్యార్థులూ ఉన్నారు, కంపెనీల అధికారులూ ఉన్నారు.

మేం ఒక హాస్టల్ వరండాలో పదహారు మంది చేత ఆడించాం. పెట్టెల బదులు చింతగింజలు. మూడు వరసల్లో ఫ్యాక్టరీ దగ్గర గింజలు కుప్ప పడ్డాయి. నాలుగో వరసలో పడలేదు. అక్కడ కొట్టు నడిపింది ఒక కూలి తల్లి కూతురు. ఎనిమిది అమ్మితే ఎనిమిది, మహా అయితే తొమ్మిది రాసింది. కంగారు పడి రాయలేదు. ఎందుకమ్మా అని అడిగాం. 'మా అమ్మ వారం కూలి డబ్బుల్తో బియ్యం కొనేటప్పుడు రేటు పెరిగిందని రెండు బస్తాలు తేదు సార్, తేవటానికి డబ్బులుండవు. అట్లాగే సర్దుకుంటాం' అంది. వరసలో ముందున్నది నిదానంగా ఉండేసరికి వెనకున్న ముగ్గురూ నిదానించారు. ఆ అమ్మాయికి కామర్సులో మార్కులు అంతంత మాత్రం.

ఆట అయ్యాక ఒక కుర్రాడు లేచి 'మా ఊళ్ళో మిర్చి ఇట్లాగే కద సార్' అన్నాడు. వాడు చెప్పిందే అసలు పాఠం. ఒక ఏడు ధర బాగుంటుంది. మరుసటేడు అందరూ మిర్చే వేస్తారు. వేసిన నాటికీ యార్డుకు చేరిన నాటికీ మధ్య నెలలు గడుస్తాయి. 2017 ఏప్రిల్‌లో ఖమ్మం యార్డులో ధర పడిపోయి రైతులు తిరగబడితే, అరెస్టు చేసినవాళ్ళకి బేడీలు వేసి కోర్టుకు తీసుకెళ్ళారు. తప్పు ఎవరిదని ఈ రాష్ట్రంలో ఎంత గొడవ నడిచింది! కోల్డు స్టోరేజీలో పెట్టుకోగలిగినవాడు ఆగుతాడు. కమీషను వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకున్న కౌలుదారు తెచ్చిన రోజే అమ్ముకోవాలి. మన వాడల్లో భూమి లేక కౌలుకు చేసేవాళ్ళు ఎంతమందో మీకు చెప్పనక్కర్లేదు. ఇద్దరి ముందూ ఉన్నది ఒకటే బజారు. కానీ ఆగటమనే నిర్ణయం ఒకడికే అందుబాటులో ఉంది.

ఇక అప్పు సంగతి. ఒక కాలేజీలో కంపెనీ ఆట ఆడించారు. ప్రతి జట్టుకూ సమానంగా పెట్టుబడి ఇచ్చారు. బ్యాంకు అప్పు కావాలంటే తీసుకోవచ్చు అన్నారు. మొదటి రౌండులో మన పిల్లలు అప్పు ముట్టుకోలేదు. వ్యాపారుల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మొదటి రౌండులోనే నిండా తీసుకున్నారు. ఆ లెక్చరరు గారు తీర్పు ఇచ్చేశారు: మీ వాళ్ళకి ధైర్యం చాలదు అని. ఎవరి ధైర్యం అండీ? వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో. అప్పు తీరేదాకా ఆసామి ఇంట్లో పాలేరుతనం చేసిన తాతలు ఇంకా మన అరుగుల మీద కూర్చునే ఉన్నారు. ఆ ఇంటి పిల్లవాడు అప్పు అనే మాటకు ఆగి ఆలోచించాడంటే వాడు పిరికివాడు కాదు, లెక్క తెలిసినవాడు. కాకపోతే వాడికి తెలిసిన లెక్క ఆసామి అప్పుది, ఆట బ్యాంకు అప్పు వేరు. ఆ తేడా మందలిస్తే తెలియదు, మళ్ళీ మళ్ళీ ఆడిస్తే తెలుస్తుంది. మేం టీ కొట్టు ఆట అని మరొకటి సొంతంగా కట్టి ఆడించినప్పుడు మూడో రౌండుకు అప్పు తీసుకుని, తీర్చి, మిగిలింది లెక్కపెట్టుకున్నారు.

అప్పుడు మేం ఒక రూలు మార్చాం. అన్ని బల్లలకీ అదే వ్యాపారం. ఏడాదికి పదివేల అప్పు. లాభం నూటికి ఇరవై, అంటే రెండు వేలు. కానీ ఒక బల్లకు బ్యాంకు వడ్డీ ఏడాదికి 12 శాతం, రెండో బల్లకు ఊరి వడ్డీ నెలకు నూటికి మూడు రూపాయలు. మొదటి బల్ల 1,200 వడ్డీ కట్టి 800 మిగుల్చుకుంది. రెండో బల్ల 3,600 కట్టాలి, వచ్చింది రెండు వేలే. 1,600 తరుగు. రెండు బల్లల వాళ్ళూ ఒకే నిర్ణయం తీసుకున్నారు, ఒకే కష్టం పడ్డారు. ఈ లెక్క నల్లబల్ల మీద రాసినప్పుడు వరండాలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇక్కడ కులం మాట రాక తప్పదు. బజారు ఆటలన్నిటిలో ధర తక్కువైతే, సరుకు బాగుంటే జనం వస్తారు. మన ఊళ్ళో టీ బాగుంటే వస్తారా? రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్ళం. బాబాసాహెబ్ 1917లో లండన్ నుంచి తిరిగొచ్చాక బరోడా ఉద్యోగంలో ఉండటానికి ఇల్లు కూడా దొరక్క బొంబాయి చేరుకున్నారు. అక్కడ స్టాకులు, షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే పని మొదలుపెట్టారు. సలహా ఇచ్చేది అంటరానివాడని తెలిశాక జనం రావటం మానేశారు, మూసెయ్యాల్సి వచ్చింది. సలహాలో తప్పుందని ఎవరూ అనలేదు. 1918 నవంబరులో ఆయన సిడెన్‌హామ్ కాలేజీలో అర్థశాస్త్రం ప్రొఫెసరుగా చేరారు. అది కామర్సు కాలేజీ, వ్యాపారం నేర్పే కాలేజీ. తోటి ప్రొఫెసర్లలో కొందరు మాకు పెట్టిన కుండలో నీళ్ళు ఆయన తాగకూడదన్నారు.

అందుకని మా టీ కొట్టు ఆటలో 'పేరు చీటీ' అని ఒకటి పెట్టాం. అది వచ్చిన బల్లకు ఊళ్ళో బేరం రోజుకు వంద కప్పుల నుంచి యాభైకి పడుతుంది. ఎందుకని అడగకూడదు, పడుతుంది. ఏడుస్తారేమో అనుకున్నాం. ఏడవలేదు. ఒక బల్ల వాళ్ళు కొట్టు ఊళ్ళో నుంచి తీసేసి మండల కేంద్రం బస్టాండుకు మార్చారు. అద్దె ఎక్కువ, కానీ దిగేవాళ్ళు పేరు అడగరు. ఇంకో బల్ల వాళ్ళు కొట్టే ఎత్తేసి, ఫ్లాస్కులో ఆఫీసులకు టీ పంపుతామన్నారు. ఏ కామర్సు పుస్తకంలో ఉంది ఈ నిర్ణయం?

ఆట రూల్సు మార్చటం మేం కనిపెట్టిన విద్య కాదు. మన పిల్లలు కూడా ఆడే 'బిజినెస్' ఆటకు తల్లి ఒకటుంది. అమెరికాలో లిజీ మాగీ అనే స్టెనోగ్రాఫరు 1904లో 'భూస్వామి ఆట' అని పేటెంటు తీసుకుంది. భూమి కొందరి చేతిలో పడితే అద్దెల రూపంలో మిగతావాళ్ళు ఎట్లా ఆరిపోతారో చూపించటానికి. దానికి రెండు రకాల రూల్సు పెట్టింది. ఒకదాన్లో అద్దె యజమానికి పోతుంది, రెండోదాన్లో అందరి ఖజానాకు. స్కాట్ నియరింగ్ అనే అధ్యాపకుడు దాన్ని వార్టన్ బిజినెస్ స్కూల్లో తన విద్యార్థుల చేత ఆడించాడు. బాల కార్మిక వ్యవస్థను ఎండగట్టిన ఆ మనిషిని 1915లో ఉద్యోగం నుంచి తీసేశారు. చివరికి 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ మాగీకి 500 డాలర్లిచ్చి పేటెంటు కొనుక్కుంది. రెండో రకం రూల్సు మాయమయ్యాయి. అందరినీ దివాలా తీయించినవాడే గెలిచే ఆట మిగిలింది. భూమి మీద మాట్లాడతాం అని మొదట అన్నది ఇందుకే.

ఇంకో ఆట ఉంది. మన కార్యకర్తలు తప్పకుండా ఆడాల్సింది. 1969లో గ్యారీ షర్ట్స్ అనే ఆయన కట్టాడు, పేరు స్టార్‌పవర్. రంగు బిళ్ళలు పంచి బేరాలు ఆడమంటారు. ఎక్కువ సంపాదించినవాళ్ళు చదరాలు, మధ్యవాళ్ళు ఒక జట్టు, అడుగువాళ్ళు ఒక జట్టు. పై జట్టుకు మొదటి నుంచే మంచి బిళ్ళలు అందుతాయి, ఆ సంగతి ఆడించేవాడికే తెలుసు. కొంతసేపయ్యాక ఇకనుంచి రూల్సు మీరే రాయండని పై జట్టుకు చెబుతారు. మేం ఆడించినప్పుడు అందరూ మన పిల్లలే, ఒకే హాస్టలు, ఒకే మెస్సు. పైకి వెళ్ళిన జట్టు పదిహేను నిమిషాల్లో, అడుగువాళ్ళు అడిగిన బిళ్ళ ఇచ్చి తీరాలని రూలు రాసింది. అడుగు జట్టు ఆట మానేసి గోడకు ఆనుకుని కూర్చుంది. దీని గురించి మన సంఘాల్లో మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది. మనలో పదవులెక్కినవాళ్ళ విషయం కూడా.

కొందరు వామపక్ష మిత్రులు ఇదంతా పెట్టుబడిదారీ విద్య అంటున్నారు. అయ్యా, అంబేద్కర్ రూపాయి సమస్య మీద 1923లో పుస్తకం రాసినప్పుడు లెక్కల పుస్తకం వాళ్ళదని అవతల పారెయ్యలేదు. మన లెక్క మనం చూసుకోకపోతే మధ్యలో ఒక దళారీ చూస్తాడు. కార్పొరేషను లోన్ల కాలం నుంచీ గేదె పేరుతో, మేకల పేరుతో ఆ దళారీని మేపుతూనే ఉన్నాం.

2016లో స్టాండప్ ఇండియా అన్నారు. ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకు పది లక్షల నుంచి కోటి దాకా అప్పివ్వాలని. 2021లో తెలంగాణలో దళితబంధు పెట్టి, హుజూరాబాద్‌లో ఇంటికి పది లక్షలు, తిరిగి కట్టక్కర్లేకుండా ఇస్తామన్నారు. ఇచ్చినంతవరకు మంచిదే, అది మన హక్కు. కానీ జన్మలో లక్ష రూపాయలు కలిపి చూడని ఇంటికి 'ఏ యూనిట్ పెట్టుకుంటావు' అని ఫారం ఇచ్చి సంతకం పెట్టమంటే? పక్కింటివాడు కారు అంటే మనమూ కారు అంటాం. ఒకే వాడలో పది కిరాయి కార్లు అయితే పెళ్ళిళ్ళు ఎన్ని, ఆసుపత్రి కిరాయిలు ఎన్ని, కిస్తీ ఉన్నా లేకపోయినా డీజిలు, టైర్లు, బీమా ఎంత? ఇది చింతగింజలతో ఒక సాయంత్రం ఆడి చూసుకోవచ్చు. పది బల్లలు, పది కార్లు, వారానికి పన్నెండు కిరాయిలు. మూడో నెలకే ఎవరి కారు అమ్మకానికి వస్తుందో కనపడిపోతుంది. నిజం కారు అమ్ముకునే ముందు ఆట కారు అమ్ముకోవటం మేలు కదా. అందుకని ఏ పథకం వచ్చినా డబ్బు కంటే నెల ముందు ఈ ఆట పెట్టాలని, ఆడించేందుకు మన డిగ్రీ పిల్లలకే రోజుకూలీ ఇచ్చి పెట్టుకోవాలని మనం అధికారుల్ని అడగాలి. వినతిపత్రం రాసి ఉంచాం, సంతకాలు పెట్టి వెళ్ళండి.

వచ్చే రెండో శనివారం మధ్యాహ్నం ఇదే చోట కిరాయి కార్ల ఆట ఆడుతున్నాం. ఊరికి ఇద్దరు డిగ్రీ పిల్లలు రావాలి, వాళ్ళతో పాటు వాళ్ళ అమ్మలు తప్పకుండా రావాలి. పిల్లలు లెక్క రాస్తారు, నిర్ణయం అమ్మలు చెబుతారు. నాన్నలు వస్తే వెనక బెంచీలు ఉన్నాయి. ఎర్ర చింతగింజలు, తెల్లగా గీకినవి వేర్వేరు సంచుల్లో తెండి, కిందటిసారి కలిసిపోయి అప్పుకూ సరుకుకూ తేడా తెలియలేదు. పాత పరీక్షల అట్టలుంటే తెండి, చీటీలకు పనికొస్తాయి. దూరం నుంచి వచ్చేవాళ్ళు ఆఖరి బస్సు ఎన్నింటికో ముందే చెబితే ఆ వేళకి ఆపేస్తాం.